మూడాకుల జిడ్డు

వెర్నా మూడింటికి వస్తానంది. చెప్పిన వేళకు రావడం ఆమెకు అలవాటు. మరదలిలో ఎల్బర్ట్‌కు గిట్టని గుణాల్లో అదొకటి. ఇప్పుడు రెండు దాటి ఐదు నిమిషాలు. వెనక వసారాలో కుర్చీని గోడకు వాల్చి, బూటుకాళ్ళు పిట్టగోడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మెట్ల కింద దుమ్ములో కుక్క పడుకుని ఉంది. ఎండలో దాని వీపు నిగనిగలాడుతోంది. చూసేవాళ్ళకు అది ఆరోగ్యం. అదేమిటో ఎల్బర్ట్‌కు తెలుసు. పొద్దున తనే పట్టించాడు. కంచె పొడుగునా అల్లుకున్న మూడాకుల తీగను కొడవలితో నాలుగుచోట్ల నరికాడు. నరికినచోట పసరు ఊరుతుంటే ఆకులన్నీ కుప్ప చేసి, అవే చేతులతో భార్య డెల్ఫియా పళ్ళెం తీసుకుని గరిటెతో వాయించాడు. తగరపు పళ్ళెం, అంచంతా సొట్టలు. ఆ చప్పుడు వింటే కుక్క ఏ గట్టు మీదున్నా దిగివస్తుంది. వచ్చింది. వచ్చి అటూ ఇటూ చూసింది, పళ్ళెం పట్టుకున్న మనిషి కోసం కాదు, పట్టుకోవలసిన మనిషి కోసం. అప్పుడు మెడపట్టీ పట్టుకుని ఆకుల్లో వెల్లకిలా పడేసి పొట్ట గోకుతూ దొర్లించాడు. వీపు, చెవులు, మెడ చుట్టూ. అది ఆట అనుకుంది. ఏడేళ్ళలో అతను దాంతో ఆడింది అదే మొదటిసారి.

ఆ జిడ్డు కుక్కనేమీ చెయ్యదు. బొచ్చు మీద కూర్చుంటుంది, అంతే. బొచ్చు నిమిరిన మనిషిని పట్టుకుంటుంది. రెండోరోజుకు ఎర్రగా దద్దు, మూడోరోజుకు నీటిపొక్కులు, ఆ తర్వాత రెండు వారాలు గోళ్ళు దాచుకుని బతకాలి. ఈ కెంటకీ కొండల్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు ఆ ఆకు చూపిస్తారు. పోస్టాఫీసు గోడ మీద కూడా బొమ్మ అంటించి కింద పాయిజన్ ఐవీ అని పెద్ద అక్షరాలు రాసి ఉంటుంది, ఇక్కడెవరికో తెలియనట్టు. డెల్ఫియాకు పడేది కాదు. వెర్నాకు అసలే పడదు, పదేళ్ళ వయసులో కళ్ళు మూసుకుపోయి వారంరోజులు గుడ్డిపిల్లలా గోడలు తడుముకుందట. రానీ. వస్తుంది, కారు దిగుతుంది, మెట్టు మీద కూర్చుంటుంది, కుక్కను కౌగిలించుకుని ఆ పొడుగు చెవుల్లో మొహం పెట్టేస్తుంది. మనుషుల దగ్గర మొహం ముడుచుకునే మనిషి, కుక్క దగ్గర మొహం విప్పుతుంది. ఇవాళ కుక్కను తీసుకుపోయినా, మొహం బూరెలా పొంగాక ఆమే తీసుకొచ్చి ఈ మెట్ల కింద వదిలేసి పోతుంది. ఇంక అడగదు. కుక్క ఇక్కడే ఉంటుంది. అంతే కావలసింది. కుక్క మీద ప్రేమ అని ఎవరైనా అంటే ఎల్బర్ట్ వాళ్ళ కాళ్ళ మీద ఉమ్మేస్తాడు. ఏడు నెలలుగా ఇంట్లో కదిలేది అదొక్కటే, అందుకని.

అతనికి ఆ తీగ పట్టదు. డెబ్బై ఒక్క ఏళ్ళలో ఒక్క పొక్కు రాలేదు. ఏప్రిల్లో ఆకు ఇంకా ఎర్రగా గోరంత ఉన్నప్పుడే నాన్న కోసుకొచ్చి, మొక్కజొన్న రొట్టె ముక్కలో దాచి, ఇద్దరు కొడుకుల చేతా మింగించేవాడు. మొదటిరోజు ఒకటి, రెండోరోజు రెండు, అలా వారం. తింటే ఏడాదంతా పట్టదని ఈ కొండల్లో నమ్మకం. ఇలాంటి నమ్మకాలు ఇంకా చాలా ఉన్నాయి, వాటితోనే పోయినవాళ్ళూ ఉన్నారు. తమ్ముడు హోబర్ట్‌కు అప్పుడు ఆరేళ్ళు. మూడోరోజుకు నాలుక నోట్లో పట్టలేదు. అమ్మ వాడి నోట్లో చెంచాతో చన్నీళ్ళు పోస్తూ రాత్రీ పగలూ కూర్చుంది. నాన్న గుమ్మంలో నిలబడి ఎల్బర్ట్ నోరు తెరిపించి, లోపలా బయటా చూసి, తలుపు చెక్క మీద తట్టినట్టు వీపు మీద తట్టాడు. "వీడు నా కొడుకు. వాడు మీ అమ్మ కొడుకు" అన్నాడు. నాన్న అతన్ని కొట్టకుండా ముట్టుకున్నది ఆ ఒక్కసారే. హోబర్ట్ చావలేదు. కానీ ఆ తర్వాత నాన్న చేతి నుంచి ఏదీ తీసుకుని తినలేదు, క్రిస్మస్ నారింజ కూడా. ఆ నారింజ కూడా ఎల్బర్టే తిన్నాడు. తియ్యగానే ఉంది.

పట్టనివాడికి పట్టేవాళ్ళంటే చులకన. పెళ్ళయిన మొదటి వేసవిలోనే డెల్ఫియా బోరింగు దగ్గర పసుపు సబ్బుబిళ్ళ పెట్టింది. కంచె పని చేసి వస్తే చేతులు కడుక్కుని లోపలికి రమ్మంది. "నువ్వేమన్నా పింగాణీ సామానువా?" అన్నాడు. అతనికి నీలం తువాలు, ఆమెకు తెల్లది. తెల్లదానికే తుడిచేవాడు. మరిచిపోయి కాదు. మోచేతుల లోపల, మెడ మీద, ఒకసారి రొమ్ముల మీద, పొక్కులు పగిలి గౌను అంటుకుపోతే ఆమె గోరువెచ్చని నీళ్ళు పోసుకుని గుడ్డ ఊడదీసుకునేది. అటు తిరిగి ఊడదీసుకునేది. అతను కాఫీ తాగేవాడు. చివరి పదేళ్ళు మంచాలు వేరు. పొక్కులకని అంది. సరే, పొక్కులకనే. అక్టోబరులో ఆసుపత్రిలో, ఊపిరికీ ఊపిరికీ మధ్య మాటలు ఏరుకుంటూ, "ఇల్లు నీకు. కుక్క వెర్నాకు" అంది. "తీసుకుపొమ్మను, నాకెందుకు" అన్నాడు. "నీ దగ్గర ఏదీ మెత్తగా ఉండి బతకలేదు" అంది. అదే ఆఖరి మాట అయితే ఒక లెక్క. ఆఖరి మాట నర్సుతో, కిటికీ మూయమని. వెర్నాకు మోకాలి ఆపరేషన్ అయింది, నడక కుదరడానికి ఈ మే నెల దాకా పట్టింది. ఏడు నెలలు. ఏడు నెలల్లో ఏ కుక్కయినా మనిషి వెంట తిరగడం మొదలుపెడుతుంది. ఇది పెట్టలేదు. తన చేతి పందిమాంసం తింటుంది, తిని వెళ్ళి ఆమె చెప్పుల పక్కన పడుకుంటుంది.

దాని పేరు డీకన్. చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునే పెద్దమనిషి మొహం దానిదని డెల్ఫియా పెట్టిన పేరు. అవును, అదే మొహం, ఎవరో ఇప్పుడే పాపం చేశారని తెలిసిపోయినట్టు. ఆ మొహం ఇప్పుడు లేచింది. ఒళ్ళు విరుచుకుంది. ఎల్బర్ట్ వైపు చూడకుండా ముంగిలి దాటి బోరింగు దగ్గరికి నడిచింది. అక్కడ జింకు తొట్టి ఉంది, అడుగున ఎండిన ఆకులు రెండు. ముందుకాళ్ళు లోపల పెట్టింది, వెనకకాళ్ళు పెట్టింది, నాలుగు కాళ్ళ మీదా నిలబడి తల వంచి కళ్ళు మూసుకుంది. ఎల్బర్ట్ చూశాడు. తొట్టిలో నీళ్ళు లేవు. దగ్గర మనిషి లేదు. కుక్క నిలబడి ఉంది.

"దిగు" అన్నాడు. దిగలేదు. "ఆవిడ లేదు. దిగరా" అన్నాడు. చెవి ఒకటి కదిలింది, అంతే. పిట్టగోడ మీది గులకరాయి తీసి విసిరాడు. గురి తప్పింది. రాయి తొట్టి అంచుకు తగిలి టంగుమని మోగింది, తగరపు పళ్ళెం మోగినట్టే. కుక్క కళ్ళు తెరవకుండా తోక ఊపింది.

ఇలా ఎన్నిసార్లు. గట్ల మీద తిరిగొచ్చిన ప్రతి సాయంత్రమూ అది వచ్చి ఇందులో నిలబడేదన్నమాట. లోపల కూర్చుంటే నీళ్ళ చప్పుడు వినపడేది, బోరింగు కిర్రుకిర్రు, ఆ తర్వాత ఆమె గొంతు, తగరం మీద మేకు గీసినట్టు. కుక్కకు స్నానాలా, రాణిగారి కుక్క అనుకుని రేడియో పెంచేవాడు. స్నానం కాదు అది. ముట్టుకోవడానికి ముందు చెయ్యవలసిన పని. ఆ బొచ్చులో చెయ్యి పెట్టాలంటే ముందు దాన్ని మూడుసార్లు కడగాలి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని. ఏడేళ్ళు కడిగింది. ఒక్క అరగంట తల ఒళ్ళో పెట్టించుకోవడానికి గంటసేపు కడిగే మనిషి. ఎల్బర్ట్‌ను ముట్టుకోవాలన్నా కడగాలి. బోరింగు దగ్గర సబ్బు పెట్టింది కదా. నలభై మూడేళ్ళు పెట్టి ఉంచింది కదా. అరిగిపోయిందల్లా ఆమె చేతిలోనే.

ఆ గొంతు అలా గీసినట్టు పుట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఫిబ్రవరిలో కంచె బాగు చేశాడు. చలికాలం తీగకు ఆకుండదు, బొచ్చుతాడులా గుంజకు చుట్టుకుని ఉంటుంది. ఆకు లేకపోతే ఏముంది అనుకునేవాళ్ళు ఈ లోయలో సగం మంది. ఎల్బర్ట్ అలా అనుకోలేదు. తెలుసు. తెలిసే గుంజలతో పాటు కుప్ప వేశాడు, గాలి ఎటు వీస్తోందో చూశాడు, బట్టలు ఆరవేసిన దండెం వైపు వీస్తోంది, దండెం దగ్గర డెల్ఫియా దుప్పట్లు దులుపుతోంది. "ఆగు, అందులో ఆ తీగ ఉంది" అంది. "నీకు అన్నిట్లోనూ ఆ తీగే కనిపిస్తుంది" అని అంటించాడు. పొగ ఆమె మీదికి పోయింది. ఆమె దుప్పట్లు వదలకుండా, అన్నీ తీసి, మడిచి, అప్పుడు లోపలికి వెళ్ళింది. పొగరా, దుప్పట్లు తర్వాత తీసుకోవచ్చు కదా. ఎందుకు నిలబడింది. చూపించడానికి నిలబడిందా. రెండోరోజుకు గొంతు లోపల పొక్కింది. పదకొండు రోజులు ఆసుపత్రి, గొంతులో గొట్టం. ఏం కాల్చారు, ఎవరు కాల్చారు అని డాక్టరు అడిగాడు. టోపీ చేతిలో పట్టుకుని ఎల్బర్ట్ మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. డెల్ఫియా కాగితం అడిగి రాసింది: నేనే. చూసుకోలేదు. డాక్టరు చదివాడు, వెర్నా చదివింది, చదివి కాగితం వైపు కాదు, ఎల్బర్ట్ వైపు చూసింది. అతను టోపీ తిప్పుకుంటూ ఉండిపోయాడు. చర్చిలో పాడేవాళ్ళ వరుసలో డెల్ఫియాది ముప్పై ఏళ్ళ చోటు. ఆ తర్వాత కూడా అక్కడే కూర్చునేది. పక్కామెకు పేజీలు తిప్పేది. కుక్కను పిలవడానికి గొంతు లేక పళ్ళెం పట్టింది. ఆ పళ్ళెం వాయించడం నలుగురి జాలి కోసం చేసిన పని అని రెండేళ్ళు అనుకున్నాడు. అనుకోవడానికి తేలికగా ఉండేది.

రెండున్నర. కుక్క ఇంకా నిలబడే ఉంది. వెనకకాలు ఒకటి వణుకుతోంది, ముసలిదవుతోంది. నిలబడనీ. మూడింటికి వెర్నా వచ్చి తొట్టిలో చూస్తుంది, అయ్యో అని మెడ పట్టుకుంటుంది, ఇంకా మంచిది. ఇంకా మంచిదే. ఎల్బర్ట్ కాళ్ళు దించాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి సింకు కింద గిన్నెలు తోమే సబ్బు సీసా తీశాడు. ఎందుకు తీశాడో అడిగేవాళ్ళు ఇంట్లో లేరు. కడిగితే కుక్క పోతుంది. పోయి రాదు. వెర్నా చేతికి ఏమీ కాదు, మెత్తని పక్క, చిన్నగదిలో హీటరు, ఇంక అది ఈ గట్టు మొహం చూడదు. తెలుసు. తెలిసే బోరింగు కొట్టాడు. చన్నీళ్ళే, వేడినీళ్ళయితే జిడ్డు పాకుతుంది, చర్మం నోరు తెరుచుకుంటుంది అని ఆమె ఎవరితోనో ఫోనులో చెప్తుంటే ఎప్పుడో చెవిన పడింది. మెడపట్టీ విప్పి వసారా గుంజకున్న మేకుకు తగిలించాడు. సబ్బు పోసి నురగ పట్టించాడు. వీపు మీద, పొట్ట కింద, చెవుల వెనక, పొద్దున చెయ్యి ఎక్కడెక్కడ తిరిగిందో అక్కడక్కడల్లా. కాలివేళ్ళ సందుల్లో. కళ్ళలో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. నురగ కాసేపు ఉంచాలి, ఎంతసేపు? ఆమె ఆ గీరుడు గొంతుతో ఒక కీర్తన మూడు చరణాలు పాడేది, అదీ కొలత. ఎల్బర్ట్‌కు పాట రాదు. అంకెలు లెక్కపెట్టాడు. అరవై దగ్గర తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నీళ్ళు పారబోసి రెండోసారి. మూడోసారికి నడుము పట్టేసింది, మోకాళ్ళ మీద కూర్చుని కడిగాడు. కుక్క ఒక్కసారి కళ్ళు తెరిచి అతని చేతులు చూసి, ఈ చేతులు కావు అన్నట్టు మళ్ళీ మూసుకుంది. కడిగించుకుంది మాత్రం.

మూడింటికి రెండు నిమిషాలు ఉండగా కారు వచ్చింది. వెర్నా దిగింది. ఎండలో వానకోటు వేసుకుంది, మోచేతుల దాకా పసుపు రబ్బరు గ్లౌజులు, ఒక చేతిలో బకెట్టు, చంకలో సబ్బు సీసా.

"ఏం బావా, ఉన్నావా ఇంకా?"

"నీకు చెప్పకుండా ఎక్కడికి పోతాను? ఏమిటా వేషం, ఆవుకు పురుడు పొయ్యడానికొచ్చావా?"

"అక్క చెప్పి పోయింది" అంది వెర్నా. నవ్వలేదు, కోపంగానూ లేదు, పాలవాడికి పాలెన్ని కావాలో చెప్తున్నట్టు చెప్పింది. "నువ్వు ఎప్పుడెళ్ళినా సరే, ముందు ముంగిట్లోనే కడిగి, అప్పుడు కారెక్కించు. ఆ మనిషి దాన్ని తీగలో దొర్లించి ఉంచుతాడు అంది."

ఎల్బర్ట్ చేతుల తడి ప్యాంటుకు తుడుచుకున్నాడు. అక్టోబరులోనే. గొంతులో గాలి లేనప్పుడు, ఆ కొంచెం గాలీ దీనికి ఖర్చుపెట్టింది. ఏ రోజు, ఏ వేళ తను ఏం చేస్తాడో పడుకుని లెక్క వేసుకుంది. తప్పు పోలేదు. కడగటం మాత్రం ఆమె లెక్కలో లేదు.

వెర్నా దగ్గరికొచ్చి కుక్కను చూసింది. "తడిపి పెట్టావే. వేడినీళ్ళా? బాగా పాకాలనా?"

కడిగాను అంటే ఎందుకు కడిగావు అంటుంది. "కడగక్కర్లేదు" అన్నాడు.

"ఆ మాట అంటావని కూడా చెప్పింది."

మూడుసార్లు కడిగిన కుక్కను ఆమె అతని కళ్ళముందే మరో మూడుసార్లు కడిగింది. అతను మెట్టు మీద కూర్చుని చూశాడు. ఆమె కీర్తన పాడింది, మంచి గొంతు, డెల్ఫియాకు ఉండిన గొంతే. పని అయ్యాక గ్లౌజులు తిరగేసి తీసి, కోటుతో పాటు సంచిలో కుక్కి మూతి ముడివేసింది. కుక్క తల రెండు చేతుల్లో పట్టుకుని మొహానికి ఆనించుకుంది. ఏమీ కాదు. ఏమీ కాదు అని ఎల్బర్ట్‌కు ఒక్కడికే తెలుసు.

"దీని పట్టీ ఏదీ? ఆ, అదిగో" అని ఆమె ఒట్టి చేత్తో మేకు వైపు వెళ్ళింది.

పట్టీ కడగలేదు. పొద్దున దాన్నే పట్టుకుని దొర్లించాడు. తోలు నిండా తాగి ఉంది. ఒళ్ళు ఒకచోట, ఆలోచన ఒకచోట, ఈ వయసులో ఎప్పుడు లేచాడో తెలియదు, ఆమె వేళ్ళు తగిలేలోపల మేకు మీద నుంచి లాగేసుకున్నాడు. మోచెయ్యి ఆమె భుజానికి తగిలి ఆమె తూలింది.

"ఇవ్వు" అంది వెర్నా.

"ఇవ్వను."

"అది అక్క పేరు చెక్కించి కొన్నది."

"నా గుంజకుంది. మీ అక్క కుక్క అంది, పట్టీ అనలేదు."

వెర్నా భుజం రుద్దుకుంటూ అతన్ని కాసేపు చూసింది. ఆసుపత్రిలో కాగితం చదివాక చూసిన చూపే. "పళ్ళెమైనా ఇవ్వు. అది మోగకపోతే రాదు."

పళ్ళెం నిండా తన పొద్దుటి వేళ్ళు. "అదీ ఇవ్వను" అన్నాడు.

"మొహమాటం లేకుండా బతికావు బావా. ఉంచుకో. ఆ పట్టీ నీ మెడకే కట్టుకుని, పళ్ళెం వాయించుకుంటూ మొరుగు. ఎవరూ రారు."

బట్టల తాడు ముక్క కుక్క మెడకు కట్టి కారెక్కించింది. వెనక కిటికీ సగం దించి ఉంది. కుక్క తల బయటికి పెట్టింది. కారు వంతెన దాటి మలుపు వైపు మెల్లగా పోతోంది, రాళ్ళ దారి. ఎల్బర్ట్ లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చాడు. ఒక్కసారి గరిటె తగిలితే చాలు, అది కిటికీలోంచి దూకుతుంది, కాలు విరిగినా కుంటుకుంటూ వస్తుంది. గరిటె ఎత్తాడు. మలుపు దగ్గర కారు ఆగినంత పని చేసింది. పళ్ళేన్ని పొట్టకు అదిమి పట్టుకున్నాడు, గాలికి కూడా మోగకుండా. కారు మలుపు తిరిగింది.

తర్వాత మెట్టు మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, పట్టీని మోచెయ్యి లోపలి మెత్తని చోట రుద్దాడు, ఆమెకు ఎప్పుడూ వచ్చే చోట. రెండో చేతికీ రుద్దాడు. మెడకు, గొంతుకు రుద్దాడు. చెయ్యి కడుక్కోలేదు. మర్నాడు లేచి వెలుతురులో చూసుకున్నాడు. మూడోరోజు కిటికీ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు పెట్టుకుని చూసుకున్నాడు. దద్దు లేదు, పొక్కు లేదు, ఎరుపు కూడా లేదు. నాన్న కొడుకు చర్మం.